నీలం విడవని గంజి

సోమవారం క్లాసులో పంతులమ్మ గంజిలో ఉమ్మి కలిపి, పది నిమిషాలు ఆగి, అయోడిన్ చుక్క వేసింది. నీలం తేలింది. తేలకూడదు. అయోడిన్ నీలమయ్యేది గంజి తగిలితేనే; ఉమ్మి గంజిని చక్కెరగా మార్చేశాక నీలానికి అక్కడ పనేముంది? శుక్రవారం ఇదే పాఠం ముగ్గురు పరీక్షకుల ముందు చెప్పాలి. కుదిరితే ఈ తాత్కాలిక ఉద్యోగం ఖాయం, లేకపోతే వచ్చే ఏడాది ఇంట్లో కూర్చోవాలి.

నాలుగేళ్లుగా తప్పని ప్రయోగం ఇప్పుడెందుకు తప్పింది? నాలుగేళ్లూ గంజి కాచింది ముసలి అటెండరు. పంతులమ్మ వచ్చేసరికి అన్నీ బల్లమీద సిద్ధంగా ఉండేవి. ఆ సోమవారం మాత్రం ఆయన సెలవు పెట్టాడు, ఆమే హడావుడిగా కాచుకుంది.

"మేనకోడలి చేత మీ ఉద్యోగానికే దరఖాస్తు పెట్టించడానికి వెళ్లాడట," అని లెక్కల మాస్టారు ఆమె చెవిలో వేశాడు.

ఇంకేం కావాలి! అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. వెళ్లే ముందు సీసాల్లో ఏదో కలిపే ఉంటాడని ఆమె మనసులో తీర్పు రాసేసింది.

మంగళవారమూ గంజి తనే కాచుకుని, కొత్త అయోడిన్ సీసా తెరిచింది. నీలమే. నాళికలు మార్చింది. నీలమే. తన ఉమ్మి మానేసి ముందు బెంచీ అమ్మాయిది తీసుకుంది. అయినా నీలమే. అటెండరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"బాబాయ్, ఇకనుంచి మీరు ల్యాబ్‌లోకి రానక్కర్లేదు. గంజి నేనే కాచుకుంటాను."

"అలాగేనమ్మా. పిండి డబ్బా పై అరలో ఉంది."

అడక్కుండానే డబ్బా మాట ఎందుకెత్తాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది! బుధవారం ఆమె కొత్త పిండి పొట్లం కొని తెచ్చింది, ల్యాబ్‌కి లోపలినుంచి గడియ పెట్టింది. కాచిన గంజి పక్కన పెడితే ఎవరి చెయ్యి పడుతుందోనని, పొయ్యి మీంచి దించి నేరుగా నాళికల్లో పోసింది. మళ్లీ నీలమే. గడియ పెట్టిన గదిలోకి మనిషెలా వస్తాడని ఆలోచించాలి కదా? ఆ ఓపిక ఆమెకెక్కడిది! సాయంత్రానికల్లా హెడ్మాస్టరుకి ఫిర్యాదు రాసిచ్చింది.

గురువారం హెడ్మాస్టరు ఆమెను పిలిచాడు.

"ఆయన్ని స్టోర్ గదికి మార్చాను. ఇదిగో, ఆయన ఇచ్చిన సంజాయిషీ. మేనకోడలి సంగతీ అడిగాను. ఆయనకి తోబుట్టువులే లేరమ్మా. సోమవారం కళ్లు చూపించుకోవడానికి వెళ్లాడు."

కాగితం మీద వంకర అక్షరాలు. 'నేనేమీ కలపలేదు. మేడం గారు గంజి పొగలు కక్కుతుండగా పోస్తున్నారు. ఆ వేడికి ఉమ్మి పని చెయ్యదు. నేను పొద్దున్నే వచ్చి కాచేది అది చల్లారడానికే. ల్యాబ్‌లోకి రావద్దన్నారు కనుక ఇక్కడ రాస్తున్నాను. శుక్రవారం లోపల ఆవిడకి చెప్పగలరు.'

వేడికి ఉమ్మిలోని ఎంజైము చచ్చిపోతుందని ఏటా నల్లబల్ల మీద రాసేది తనే. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అక్కడే నిలబడి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

శుక్రవారం గంజి పొద్దున్నే కాచి మూత పెట్టింది. పాఠం వేళకి అది చల్లగా ఉంది. పది నిమిషాల తర్వాత వేసిన అయోడిన్ తన గోధుమరంగు వదల్లేదు. పరీక్షకులు తలలూపారు. ఉద్యోగం ఖాయమైంది.

ఆమె పరుగున స్టోర్ గదికి వెళ్లింది. అటెండరు విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"బాబాయ్, నాది తప్పు. క్షమించండి. సోమవారం నుంచి ల్యాబ్‌కి వచ్చేయండి. హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు."

"ఉద్యోగం వచ్చిందటగా, సంతోషమమ్మా." ఆయన కుర్చీ దించి చేతులు దులుపుకున్నాడు. "నేనిక్కడే ఉంటాను. ప్రయోగమన్నాక ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ తప్పుతుంది. ఆ రోజు మీరు నాళిక కంటే ముందు నా మొహం చూస్తారు."

చూడనని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. మంగళవారం తలుపు దగ్గర తను చూసింది ఆ మొహాన్నే. ఆయన ఇంకో కుర్చీ అందుకున్నాడు.