డిమ్మర్ మోయగలిగినంత

కంటి ఆపరేషన్ తర్వాత వరలక్ష్మమ్మకు చూపైతే తిరిగొచ్చింది గాని, మగ్గం మీది బల్బు వెలుగు మాత్రం కళ్లకు సరిపడలేదు. ధర్మవరంలో ఆమె నేసిన పట్టుచీర అంచుకు పేరుంది. ఇప్పుడు జరీ కాస్త మెరిసిందంటే చాలు, కళ్లు నీళ్లు కారేవి. చిన్న బల్బు పెడితే పోగులు ఆనేవి కావు. కొన్నాళ్లు అవస్థపడి, చివరికి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి లేచివచ్చి పంచలో కూర్చుండిపోయింది.

కోడలు సువర్ణకు అది చూడబుద్ధి కాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో జరీ పోగు పట్టుకోవడం కూడా రాని తనకు, ఒక్కసారైనా విసుక్కోకుండా పని నేర్పిన మనిషి ఆమె.

బుక్కరాయసముద్రంలో చుట్టాలింటికి పోయినప్పుడు, గోడకు ఫ్యాను రెగ్యులేటర్ లాంటిదొకటి చూసింది సువర్ణ. దాన్ని తిప్పితే హాల్లో దీపం వెలుగు తగ్గుతోంది, పెరుగుతోంది. డిమ్మర్ అంటారట. ఊరికి రాగానే వాళ్ల వీధి ఎలక్ట్రీషియన్ జోయల్‌తో అత్త మగ్గం పక్కన అలాంటిదే పెట్టించింది.

వరలక్ష్మమ్మ గుంటలో కూర్చుని, కోడలు మెల్లగా తిప్పుతుంటే కళ్లు చికిలించి చూసింది.

"ఆ, ఆడ నిలుపు! ఇప్పుడు పోగూ ఆనుతాండాది, కన్నూ మండల్యా."

మళ్లీ ఆ ఇంట్లో రెండు మగ్గాల చప్పుడు మొదలైంది.

సువర్ణ భర్త అశోక్ చీరల ఫోటోలు తీసి ఫోన్లో పంపి బేరాలు చేస్తాడు. దానికోసం పెద్ద హాలోజన్ లైటు ఒకటి కొన్నాడు. దాని వెలుగు కూడా తగ్గించుకునే వీలుంటే ఫోటోలు బాగా వస్తాయనుకుని, ఎవరికీ చెప్పకుండా డిమ్మర్ నుంచే దానికీ వైరు లాగాడు. ఫోటోలు నిజంగానే బాగా వచ్చాయి.

ఒక మధ్యాహ్నం అశోక్ లైటు వేసి ఫోటోలు తీసుకుంటుండగా సువర్ణ ముక్కుకు ఏదో వాసన తగిలింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుందని నేతగాళ్ల ఇంట్లో అందరికీ తెలుసు. ఇది అది కాదు, ప్లాస్టిక్ మాడుతున్న వాసన. లేచి వెతికింది. డిమ్మర్ పలక గోధుమరంగుకు మాడి ఉంది, దగ్గరికి అరచెయ్యి పెడితే సెగ కొట్టింది. ఒక్క పరుగున పోయి మెయిన్ ఆపేసింది. అత్తను చెయ్యిపట్టి గుంటలోంచి బయటికి లాగింది. ఆ పలకకు మూరెడు దూరంలో, ముప్పాతిక వంతు నేసిన పెళ్లిచీర మగ్గం మీదే ఉంది.

అశోక్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ఈ దరిద్రం మనకొద్దు. ఇప్పుడే పీకి పారేస్తా."

"అవునమ్మా," అంది వరలక్ష్మమ్మ. "నా కండ్ల కోసం ఇల్లు కాల్చుకుంటామా? నేను పంచలోనే కూచుంటాలే."

"ఎందుకు కాలిందో తెలుసుకోకుండా పారేస్తే, రేపు ఇంకోటి కాల్తాది," అంది సువర్ణ. "జోయల్ వచ్చేదాకా ఎవురూ దాన్ని ముట్టుకోవద్దండి."

జోయల్ వచ్చి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని పలక విప్పాడు. వెనక చిన్న అక్షరాలున్నాయి. సువర్ణ వంగి చదివింది.

"నాలుగు నూర్ల వాట్లని రాసుండాదే?"

"అంతకు మించి మోయదక్కా. మీ బల్బు నూరే కదా, కాలకూడదే మరి!"

అశోక్ ముందుకొచ్చాడు. "నేనే ఫోటో లైటు దీనికి తగిలిచ్చినానప్పా. అది ఐదు నూర్లు."

"అంటే ఆర్నూరు పెట్టినాం దాని నెత్తిన," అంది సువర్ణ. కోపం రాలేదామెకు, గుండెల మీంచి బరువు దిగింది. తప్పు ఎక్కడుందో తెలిస్తే సరిచేసుకోవచ్చు.

జోయల్ కాలిన వైర్లన్నీ తీసేశాడు. ఫోటో లైటుకు వేరే స్విచ్చు, వేరే వైరు లాగాడు. మామూలు ఎల్‌ఈడీ బల్బులు డిమ్మర్ మీద రెపరెపలాడతాయని, డిమ్మర్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న బల్బే తెచ్చాడు. దానికి సరిపడే కొత్త డిమ్మర్ బిగించి, "గోరువెచ్చగా ఉంటే పరవాల్యా అక్కా. చెయ్యి పెట్టలేనంత కాలితే మాత్రం మెయిన్ ఆపి నన్ను పిలువు. దీనిమీద ఇంకేమీ తగిలించొద్దండి," అన్నాడు.

అయినా వరలక్ష్మమ్మ లోపలికి రాలేదు. ఎంత చెప్పినా భయం పోలేదు. సువర్ణ ఇక బతిమాలడం మానేసి, తానే అత్త మగ్గంలో కూర్చుంది. పొద్దున్నుంచీ ఆ దీపం కిందే నేసింది. మధ్యమధ్యలో పలక దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. వరలక్ష్మమ్మ గడప దగ్గర నిలబడి డిమ్మర్ వైపే చూస్తూ ఉంది. చూసీ చూసీ ఆమె చూపు ఎప్పుడో అంచు మీదికి మళ్లింది.

"యాడ చూస్తాండావే? పోగు వదిలేసినావు!"

సువర్ణ వంగి చూసింది. నిజమే, వదిలేసింది.

"లెయ్, ఆన్నించి లెయ్," అంటూ వరలక్ష్మమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంటలోకి దిగింది. తప్పిన పోగు సరిచేసి, తన కంటికి తగ్గట్టు డిమ్మర్‌ను తానే తిప్పుకుని, నేత మొదలుపెట్టింది.

ఆ పెళ్లిచీర ముహూర్తానికి ముందే తనకల్లు ఊళ్లోని పెళ్లివారింటికి చేరింది. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, అంచు నేసిందెవరని అడిగింది. అశోక్ ఫోన్ తీసుకుపోయి అమ్మకే ఇచ్చాడు.

"నేనేనమ్మా," అంది వరలక్ష్మమ్మ. "మీకు రెండో కూతురుండాదా? ఆ పిల్లకు చిలకల అంచు నేస్తా."