తోకకి ఆరు మాటలు

ఆ యాప్‌లో కుక్క తోకకి ఆరు మాటలే ఉన్నాయి. హ్యాపీ, ప్లేఫుల్, ఎక్సైటెడ్, క్యూరియస్, రిలాక్స్‌డ్, స్లీపీ. ఏడోది లేదు. ఆరింట్లో ఏదో ఒకటి నొక్కితే తప్ప తర్వాతి పేజీ రాదు. ఇరవై రెండు కుక్కల్ని రోజూ ఈ ఆరు మాటల్లోనే సర్దాలి గిరిజ.

అమెరికాలో, అరోరా ఊళ్లో, జనం పగటిపూట కుక్కల్ని వదిలివెళ్లే ఆ డాగ్ డేకేర్‌లో చేరి మూడు నెలలైంది. నరసరావుపేటలో రెండేళ్లు జువాలజీ పాఠాలు చెప్పిన మనిషి. పెళ్లయి వచ్చాక వర్క్ పర్మిట్ కోసం నాలుగేళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. అది చేతికొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. కుక్కలంటే ఇష్టమే. ఒళ్లు మండేదల్లా మధ్యాహ్నం మూడింటికల్లా పంపాల్సిన రిపోర్ట్ కార్డుతోనే. కుక్కల్ని తెచ్చి దించేవాళ్లని అక్కడ పేరెంట్స్ అనాలి. ఆ పేరెంట్స్ ఆఫీస్ మీటింగుల మధ్యలో కార్డు తెరిచి చూసుకుని మురిసిపోవాలి. మురిపించని మాట కంపెనీకి అక్కర్లేదు.

తోక విషయంలో గిరిజ లెక్క వేరు. నడుం దగ్గర్నుంచీ ఒళ్లంతా కదిలేలా ఊపే తోక వేరు. కిందకి దించేసి కొసని మాత్రం బెదురుగా ఆడించే తోక వేరు. నిక్కబొడుచుకుని, బిర్రబిగిసి, విసురుగా జాడించే తోక వేరు. ఎవడైనా మితిమీరితే తోక జాడిస్తున్నాడని మనవాళ్లు ఊరికే అన్నారా? జాడించడంలో సంతోషం ఉందని తెలుగువాడెవడూ అనుకోడు. ఈ యాప్ తయారుచేసిన మహానుభావుడు కుక్కని బొమ్మల పుస్తకంలో తప్ప చూసి ఉండడని ఆమె కోపం.

అక్కడ కూపర్ అని డూడుల్ జాతి కుక్క ఒకటి ఉంది. ఉంగరాల జుట్టు, అమాయకపు మొహం. వాళ్లింటి నుంచి మూడు కుక్కలు వస్తాయి, వారానికి ఐదు రోజులూ, కంపెనీకి పెద్ద బేరం. కూపర్ తోక కర్రలా పైకి లేచి, కొస మాత్రం గడగడ వణికిందంటే ఎవరికో మూడిందన్నమాటే. ఏదో ఒక చిన్న కుక్కని గోడకి నొక్కి, మెడ మీద తల ఆనించి, కదలనివ్వదు. చాలాసార్లు ఆ చిన్న కుక్క పులే.

పులి గీతాంజలి కుక్క. ఒంటి మీద చారలున్నాయని ఆ పేరు పెట్టింది గానీ, చారలు తప్ప పులి లక్షణం దానికి ఒక్కటీ లేదు. గీతాంజలి ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు, అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటుంది. దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఈ కుక్క తప్ప ఇంట్లో ఇంకో ప్రాణి లేదు. వదిలి వెళితే పులి రోజంతా ఏడుస్తుంది. పక్కవాళ్లు అప్పటికే రెండు కంప్లెయింట్లు ఇచ్చారు. మూడోది వస్తే కుక్కని ఉంచనివ్వమని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌వాళ్లు కాగితం పంపారు.

"ఈ డేకేర్ ఒక్కటే దిక్కక్కా. దీన్ని మళ్లీ షెల్టర్‌లో వదలడం నా వల్ల కాదు," అని చేర్పించిన రోజే గిరిజతో చెప్పింది.

వచ్చిన పూట నుంచీ పులి తోక కడుపు కిందే. కూపర్ గేటు దగ్గర కనపడితే చాలు, ఇంకాస్త లోపలికి ముడుచుకునేది. దానికి ఆరింట్లో ఏ మాట నొక్కాలి? మొదటి వారం గిరిజ కింద ఉన్న కామెంట్ డబ్బాలో రాసింది. కూపర్ వెంటపడుతోందనీ, పులి భయపడుతోందనీ, రెంటినీ వేరే గదుల్లో పెడితే మంచిదనీ. మేనేజర్ బ్రెండా ఆమెని పిలిచింది.

"కూపర్ తోక ఊపుతోంది కదా హనీ! ఊపుతోందంటే హ్యాపీ. పేరెంట్స్‌ని కంగారుపెట్టే మాటలు మనకొద్దు," అంది నవ్వుతూ.

మర్నాటికి యాప్‌లో కామెంట్ డబ్బానే తీసేశారు. రాసినవన్నీ దాంతోపాటే పోయాయి. నోటితోనూ కార్డులో ఉన్నదే చెప్పాలి, సొంత అభిప్రాయాలు కూడదని గోడకి ఒక కాగితం అంటించారు. గిరిజ తోక ముడుచుకుని పనిలోకి వెళ్లిపోయింది. ఆ కోపమంతా ఇంటికెళ్లి భర్త ఫణి మీద చూపించింది. ఫణి ఆరేళ్లుగా వీసా ఫారాలు నింపి నింపి పండిపోయిన సాఫ్ట్‌వేర్ మనిషి.

"ఫారం అడిగిందే చెప్పాలి గిరీ. ఖాళీ వదలొద్దు, ఎక్స్‌ట్రా రాయొద్దు. దగ్గరగా ఉన్న ఆప్షన్ సెలెక్ట్ చేసెయ్. మన లాయర్ ఎన్నిసార్లు చెప్పాడు?"

"అది వీసా. ఇది కుక్క!"

"ఫారం ఫారమే. వచ్చిన మొదటి జాబ్‌లో గొడవలెందుకు?"

ఆ మాట ఆమెకి నచ్చలేదు గానీ, చెయ్యి మాత్రం విన్నది. కూపర్ తోక పైకి ఉంది కాబట్టి హ్యాపీ. పులి తోక కిందకి ఉంది కాబట్టి రిలాక్స్‌డ్. నొక్కిన ప్రతిసారీ పళ్లు కొరుక్కునేది. కొరుక్కుంటూనే నొక్కేది.

పోయిన గురువారం మధ్యాహ్నం గిరిజ నీళ్ల గిన్నెలు కడుగుతుంటే కూపర్ తోక లేచింది. గిరిజ చూసింది. చేతిలో గిన్నె పడేసి "కూపర్, ఆఫ్!" అని అరుస్తూ పరుగెత్తింది. ఆలోపే అది పులిని మూలకి తోసి మీదెక్కేసింది. పులి గుర్రుమంది, పళ్లు చూపించింది, పక్కనుంచి జారిపోవాలని చూసింది. ఎటూ దారి దొరక్క చివరికి కూపర్ చెవి కొరికేసింది. నాలుగు కుట్లు పడ్డాయి.

సాయంత్రం ఆఫీస్ గదిలో బ్రెండా, గీతాంజలి, గిరిజ కూర్చున్నారు. బ్రెండా కాగితాలు ప్రింట్ తీసి బల్ల మీద పరిచింది. యాభై రోజుల రిపోర్ట్ కార్డులు. కూపర్ హ్యాపీ. పులి రిలాక్స్‌డ్. ఏ కార్డు చూసినా కింద గిరిజ పేరే.

"హ్యాపీగా ఉన్న కుక్కని రిలాక్స్‌డ్‌గా ఉన్న కుక్క కరిచింది. అంటే కారణమేమీ లేకుండా కరిచిందన్నమాట. ఇంకో డేకేర్ అడిగినా, అపార్ట్‌మెంట్ వాళ్లడిగినా మేం ఈ కాగితాలే పంపాలి," అంది బ్రెండా.

గిరిజ ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. తను తిట్టుకుంటూ నొక్కిన ఆరు మాటలే ఇప్పుడు సాక్ష్యమై కూర్చున్నాయి.

"ఇవి తప్పు," అంది. "అది మొదటి రోజు నుంచీ భయపడుతోంది. కూపర్ దాన్ని బెదిరిస్తూనే ఉంది."

"అంటే ఇన్నాళ్లూ నువ్వు తప్పుడు రిపోర్టులు పంపావా?"

"మీ లిస్ట్‌లో భయం అనే మాటే లేదు. నేను కామెంట్ రాశాను కదా!"

"ఏదీ, చూపించు?"

చూపించడానికి ఏముంది? డబ్బాతో పాటే పోయాయి. గిరిజకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్లీ కోపం వచ్చింది. బ్రెండా జాలిగా టిష్యూ పెట్టె జరిపి, పులి బెల్టూ దుప్పటీ సంచిలో పెట్టి గీతాంజలికి ఇచ్చేసింది.

పార్కింగ్‌లోకి గిరిజ ఆమె వెనకే పరుగెత్తింది. గీతాంజలి కారు దగ్గర ఆగింది, కళ్లెర్రగా ఉన్నాయి.

"రోజూ మూడింటికి ఆ కార్డు చూసుకునేదాన్నక్కా. రిలాక్స్‌డ్ అని ఉంటే ప్రాణం కుదుటపడేది. భయపడుతోందని తెలిస్తే నేనే మాన్పించేదాన్ని. కరవకముందు ఎక్కడైనా చేర్చుకునేవాళ్లు. ఇప్పుడు కరిచే కుక్కని ఎవరు రానిస్తారు? ఇంట్లో కూడా ఉండనివ్వరు."

"నోటితో కూడా ఏం చెప్పొద్దని గోడకి అంటించారు గీతా..."

"వాళ్లకి అర్థమయ్యే భాషలో కదా చెప్పొద్దన్నారు! రోజూ గేటు దగ్గర నిలబడి మనం పది నిమిషాలు తెలుగులోనే మాట్లాడుకున్నాం. గోంగూర ఎక్కడ దొరుకుతుందో చెప్పావు. నా పెళ్లి సంబంధాల గురించి అడిగావు. ఇది రోజంతా తోక ముడుచుకుని మూల కూర్చుంటోందే అని ఒక్క మాట అంటే, బ్రెండాకి తెలిసేదా అక్కా?"

గిరిజ భయపడి ఆగలేదు, మొహమాటపడీ ఆగలేదు. యాప్‌లో లేని మాట నోట్లో ఉందని ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు, అంతే. బ్రెండాని తిట్టుకుంది, ఫణిని తిట్టింది, యాప్ చేసినవాణ్ని తిట్టింది. ఇప్పుడు తిట్టుకోవడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

గీతాంజలి పులిని ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టింది. తలుపు వేసి, తాళం చేత్తో పట్టుకుని, ఇటు తిరక్కుండానే అంది.

"శనివారం షెల్టర్‌కి తీసుకెళ్తా. వాళ్లూ ఫారం ఇస్తారు, ఎందుకు వదిలేస్తున్నారో రాయమని. భయపడి కరిచిందని వాళ్లకి అర్థమయ్యేలా నాకు రాయడం రాదు. ఆ ఫారం నువ్వొచ్చి నింపక్కా."

"వస్తాను," అంది గిరిజ.