డబ్బా మూత

ఆ వీధిలో ఫెంకెను ఫెంకె అని పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె మూతపిల్లే.

నెదర్లాండ్స్ నుంచి గ్రీసులోని థెస్సలోనికీకి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, ఫెంకె ఇరుగుపొరుగును కాఫీకి పిలిచింది. అమ్మ పంపిన బిస్కెట్ల డబ్బా తెరిచి, తలా ఒకటి ఇచ్చి, టక్కున మూత పెట్టేసింది. వాళ్ల దేశంలో అది మర్యాదే. ఇక్కడ మాత్రం ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మాంసం కొట్టు లెఫ్తెరిస్ అయితే, ఆ ఒక్క బిస్కెట్టూ తిని ఇంటికెళ్లి మళ్లీ భోంచేశానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఎవరికీ కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆనాటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ఆమె పళ్లెంలో రెండో ముక్క, మూడో ముక్క అడక్కుండానే పడేవి.

"మాకు మూతలు లేవమ్మా, తిను" అనేవారు.

ఫెంకె తినేది, ఇష్టంగానే తినేది. ఆ ఊరూ, ఆ తిండీ, ఆ కేకలూ ఆమెకు ఎంతో నచ్చాయి. మూత మాట వచ్చినప్పుడు మాత్రం చెవులు ఎర్రబడేవి. ఒక్కసారైనా వాళ్లందరికీ కడుపునిండా పెట్టి ఆ పేరు పోగొట్టుకోవాలని ఆమె పంతం.

జూన్‌లో దారి దొరికింది. చూపించింది కింది వాటాలో ఉండే పెద్దావిడ, పొలిక్సేని. అమ్మగారూ అన్నట్టుగా అందరూ ఆమెను కిరియా అనేవారు.

"అందరూ తమ పేరున్న పునీతుడి రోజున పేరు పండగ చేసుకుంటారు, నీకేమో మా క్యాలెండర్లో పునీతుడే లేడు" అందావిడ. "నీలాంటివాళ్ల కోసమే సకల పునీతుల ఆదివారం పెట్టారు. ఈ వారమే, మర్నాటి నుంచి చీజ్ కూడా ముట్టని ఉపవాసం. చేసుకో."

"అందర్నీ పిలుస్తాను కిరియా! ఎన్నింటికి రమ్మనమంటారు?"

పొలిక్సేని బుగ్గలు నొక్కుకుంది. "పేరు పండక్కి ఎవరైనా పిలుస్తారటే? తలుపు తీసి కూర్చో. వచ్చేవాళ్లు వస్తారు."

"రాకపోతే?"

"రాకపోతే రారు."

ఆ మాట ఫెంకె గుండెల్లో గుచ్చుకుంది. అయినా పొలిక్సేని సాయం చేస్తానంటే వద్దంది. పిండి తనే కలిపింది, సన్నటి కర్రతో పొరలు తనే వత్తింది. మొదటివి చిరిగిపోయాయి. మళ్లీ కలిపింది. ఆదివారానికి పాలకూర, ఫెటా చీజ్ కూరిన స్పనకోపిట పొయ్యి నిండేంత పళ్లెంలో బంగారు రంగు తిరిగింది. పిస్తాలు ఓ సంచెడు తెచ్చింది. బిస్కెట్ల డబ్బాను మాత్రం ఎవరి కంటా పడకుండా బీరువా మీదికి తోసింది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే తలుపు బార్లా తీసి కూర్చుంది.

వీధిలో పిల్లి కూడా కదల్లేదు. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడింది. గాలికి తలుపే కొట్టుకుంటోంది. ఎండ నేల మీంచి గోడ ఎక్కింది. వాళ్ల ఊళ్లో అయితే ఈపాటికి చుట్టాలు వచ్చి, కాఫీలు తాగి, ఇళ్లకు వెళ్లిపోయి ఉండేవారు. ఒక్క బిస్కెట్ పెట్టిన పిల్ల ఇంటికి ఎవరొస్తారులే అనుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. తలుపు మూసేసి, పళ్లెం మీద పెద్ద మూత బోర్లించింది.

దీపాలు పెట్టే వేళకు గంట మోగింది.

తలుపు తీస్తే పొలిక్సేని. పట్టు గౌను, చెవులకు ముత్యాలు. వెనక, తల తడిపి దువ్వుకుని, మిఠాయి పెట్టెతో లెఫ్తెరిస్. వాళ్ల వెనక మెట్ల నిండా వీధి.

"పండగ పూట తలుపేసుకున్నావేంటే?"

"మధ్యాహ్నం నుంచీ తెరిచే ఉంది. ఎవరూ రాలేదు" అంది ఫెంకె ముక్కు తుడుచుకుంటూ.

"మధ్యాహ్నమా! దేవుడే వచ్చినా నేను లేవను ఆ వేళ. పొద్దు వాలాక కదా జనం మొహాలు కడుక్కునేది!"

లెఫ్తెరిస్ ఆమె భుజం మీంచి లోపలికి తొంగి చూశాడు. "అయ్యో, దీనికీ మూతేసింది! పదండి, ఇంటికెళ్లి తిందాం."

మెట్లన్నీ నవ్వాయి. ఫెంకె ఏడుస్తూనే నవ్వింది. నూరేళ్లు బతకమని అందరూ ముద్దులు పెట్టారు. దిష్టి తగలకుండా పొలిక్సేని ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ అంది.

ఫెంకె ఎవరినీ అడగలేదు, వడ్డించింది. లెఫ్తెరిస్ పళ్లేనికి చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకు నెట్టి ఇంకో ముక్క వేసింది.

"వద్దు తల్లీ, చస్తాను!"

"రేపట్నుంచి ఉపవాసం. ఇవాళ చీజ్ మిగలకూడదు" అంది అచ్చం పొలిక్సేని గొంతుతో.

పళ్లెం ఖాళీ అయింది, జనం మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. ఫెంకె ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీ ఎక్కి బీరువా మీది డబ్బా దించింది. ఆమె డబ్బా తెరిచి బల్ల నడిమధ్యన పెట్టింది. మూతను వెల్లకిలా తిప్పి, పిస్తా తొక్కలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న లెఫ్తెరిస్ ముందుకు జరిపింది.

లెఫ్తెరిస్ మూత వంక చూశాడు. ఆమె వంక చూశాడు. గుప్పిట విప్పి తొక్కలు అందులో పోశాడు.

"ఫెంకె, పిస్తాలు ఇంకా ఉన్నాయా?" అన్నాడు.