మోకరిల్లిన శకటము

మాఘమాసావసానమున మంచుతెర లింకను మెట్టచేలపై వ్రేలాడుచుండ, పక్వమైన పొగాకుపత్రముల జిగటవాసనను మోసికొని ప్రభాతమారుతము తాటితోపులను మెల్లగా పలుకరించుచుండ, బాలభానుని లేతయెండ కందుకూరి చేరువనున్న యొక మేడ ముంగిట నిలిచిన విశాలకృష్ణకాయమగు మోటారుశకటముపై బడి, దాని యౌవనమున మెరసిన రాజసమును క్షణకాలము మరల వెలిగించెను.

అది గుత్తేదారు ఓబులరెడ్డి యైశ్వర్యకాలమున ఎందరో పెండ్లికొడుకులను మోసి యూరేగిన పెద్దబండి. ఇప్పుడు తోలుపీఠములు బీటలు వారినవి. నల్లనిమేన వెలిసినమచ్చలు పొడసూపినవి. రెడ్డి దాని నమ్మజూపుచున్నాడని విని పొరుగూరి రైతు మాలకొండయ్య, భార్య పెంచలమ్మతోను, మోటారులు బాగుచేయు మేనల్లుడు సుబ్బరాయునితోను ఆటోలో వచ్చియుండెను.

పెంచలమ్మకు మోకాళ్లు పట్టుకొనిపోయి రెండేండ్లాయెను. మగని భుజముపై బరువు మోపనిదే యామె యే బండియు నెక్కజాలదు. బస్సుమెట్టు సరేసరి, అదియొక కొండ. ఉదయగిరి కొండపాదమున నుండు, చూపు సన్నగిల్లిన యక్కగారు "ఒక్కసారి వచ్చి నా చేయి పట్టుకొని పోవే" యని కబురంపినప్పుడెల్ల ఈమె కొంగుతో కన్నులొత్తుకొనుటయు, నది చూచియు చూడనివానివలె మాలకొండయ్య చుట్ట వెలిగించుటయు నా యింట వాడుకయై పోయెను.

గిత్తల బేరములలో తల నెరసిన యా రైతునకు మోటారును నడుపుట వచ్చునుగాని పరీక్షించుట తెలియదు. ఎద్దును పరీక్షించుట తెలియును. కావున వంగి గిట్టలను చూచినట్లు చక్రములను చూచెను. సుళ్లకొరకు వెదకువానివలె ముందరిరేకును వ్రేళ్లతో తడవెను.

"పండ్లు గూడ చూతువా యేమి మామా?" యని సుబ్బరాయుడు నవ్వెను.

"నీ పని నీవు చూడరా."

వాడు బండిక్రిందికి దూరి మొగము మాడ్చుకొని వెలికి వచ్చెను. "వలదు మామా! దీనిని మోయునవి ఉక్కుకమ్మలు గావు, గాలితిత్తులు. అవి కారిపోవుచున్నవి. నిలిపిన బండి తెల్లవారుసరికి చతికిలబడుచున్నది. నేలకెట్లు కరచుకొనియున్నదో చూడుము!"

"దాచను మాలకొండయ్యా, ఆ జబ్బు నిజమే" యని రెడ్డి తల వంచుకొనెను.

పండుకొన్న పశువు తోక మెలిపెట్టకయే లేచునేని దాని నడుము గట్టిదని మాలకొండయ్య తండ్రినాటి పరీక్ష. అతడు చుట్ట తీసి, "లేవనిచ్చి చూడక బేరము విడువను. లేపుము రెడ్డీ" యనెను.

రెడ్డి యెక్కి యంత్రమును మేల్కొలిపెను. శకటము దీర్ఘముగ నిట్టూర్చి, వెనుక కొంత ముందు కొంత, గున్నయేనుగువలె లేచుచుండ లోపలినుండి కేక వినబడెను.

"ఏమయ్యో! నన్నెవరో యెత్తుకొన్నట్లున్నదే!"

నిలువలేక నిలువలేక పెంచలమ్మ యెవరికిని జెప్పకయే వెనుకతలుపు తీసికొని కూర్చుండియుండెను.

మాలకొండయ్య నివ్వెరపోయెను. "నీవెట్లెక్కితివే?"

"ఎక్కలేదయ్యా. గడపంత యెత్తేగదా, ఊరక కూర్చుంటిని."

అద్దమునకావల భార్యమొగము పెండ్లిపల్లకినాటివలె నున్నది.

"తిత్తులు మార్పించిన పడుకొనదు మామా, కాని..." యని సుబ్బరాయుడు మొదలిడెను.

"మార్చితివా, నీ కాళ్లు విరుగగొట్టెదను."

"ఇట్లే విడిచిన నేదో యొకనాడు లేవనే లేవదు!"

"ఆనాటిమాట ఆనాడు చూతము. మనము మాత్ర మెల్లకాలము లేతుమా?"

రెడ్డి పలుపు నందించినట్లు తాళపుచెవిని రెండుచేతుల నందించి, బండి వెన్ను చరచి మొగము త్రిప్పుకొనెను.

ఆ వారముననే యొక వేకువ, ఉదయగిరి కొండపై వెలుగు విచ్చుచుండ, రాత్రి నిలిచినచోటనే మోకరిల్లియున్న యా వృద్ధశకటమున అక్కచెల్లెండ్రిరువురును ఎవరి సాయమును లేక కూర్చుండిరి. చూపానని యక్క చెల్లెలి చేయి వెదకి పట్టుకొనెను. మాలకొండయ్య ముందుపీఠమున చుట్ట యార్పి తాళము త్రిప్పెను. శకటము దీర్ఘముగ నిట్టూర్చి, ఆ రెండు ముదిప్రాణములను మెలమెల్లగా నెత్తుకొని లేచి నిలిచెను.