పరచని చాప

గుల్జార్‌బీ నడుము కింద ఒక చేయి, భుజం కింద ఒక చేయి వేసి పద్మనాభయ్యను ఎడమ పక్కకు ఒత్తిగిలించింది. మనిషిలో కండ లేదు, తోలూ ఎముకా మిగిలాయి. రెండు గంటలకోసారి ఇలా తిప్పకపోతే వీపు పుండుపడుతుంది. ప్రొద్దుటూరులో వ్యాపారులు చందాలు వేసుకుని నడిపే ఆ నాలుగు గదుల ఆసుపత్రిలో, ఇక బాగుపడరని తేలినవాళ్ల గదికి ఆమె ఆయా. మూడేళ్లలో ఆమె చేతి కింద ఒక్కరికీ వీపు చెడలేదు, ఒక్కరూ మంచం మీంచి జారిపడలేదు.

ఈ పద్మనాభయ్య పెద్దముడియం దాపున ఒక పల్లెకు కరణం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది కోర్టులో ప్రమాణం చేసి మరీ, వలి బాషాకు గొడ్ల దొంగతనం అంటగట్టాడు. కళ్లారా చూశాడట! గొడ్లు పోయిన రోజు వలి బాషా వేంపల్లె సంతలో ఉన్నాడని ఊరంతా ఎరుగును. జైల్లో జ్వరమొచ్చి, చల్లటి రాతినేల మీద పోయాడు. అతను గుల్జార్‌బీ మొగుడు.

భార్య పోయి, పిల్లలు లేక, కడుపులో గడ్డతో వచ్చిన కరణం ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె పట్టింది. మంచానికి రెండు వైపులా వెదురు బద్దలు కట్టింది. పాలు గొంతుకు అడ్డం పడకుండా చెంచాతో పోసింది. తొందరగా చావనిస్తుందా!

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. హిందువుల్లో పెద్దవాళ్లు మంచం మీద పోవడానికి ఒప్పుకోరు, ప్రాణం పోయే ముందు నేలకు దించాలి. మరీ ముందు దించితే నొప్పికి తట్టుకోలేరు. అందుకని ఆ ఘడియ గుల్జార్‌బీ చెప్పాలి. పాదాలు పట్టుకుని చూసి ఆమె "చాప" అంటే, నర్సు శ్యామలమ్మ చాప తెచ్చి పరిచి, మనిషిని రెండో వైపు పట్టుకుంటుంది. నలభై మందిని అలా దించారు.

మధ్యాహ్నం మూడింటికి కరణం కాళ్లు మోకాళ్ల దాకా చల్లబడ్డాయి.

"అమ్మీ, నన్ను కిందికి దించు."

"ఇంకా శానా పొద్దుంది సామీ."

"నాకు తెలుస్తాంది. దించమ్మీ, నీ కాళ్లు మొక్కుతా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కోర్టు మెట్ల మీద తను కాళ్లు పట్టుకుంటే విదిలించుకుని పోయినవాడు, ఇప్పుడు కాళ్లు మొక్కుతాడట! దుప్పటి సర్దుతూ చెవి దగ్గరికి వంగింది.

"నేను వలి బాషా పెండ్లాన్ని."

కరణం దుప్పటిలోంచి రెండు చేతులూ తీసి జోడించాడు. "తప్పు చేస్తి. అబద్దం చెప్పితి. దించు తల్లీ."

"ఈ మాట ఆ పొద్దు జడ్జికి చెప్పాల్సింది. కింద పెడితే నీకు దెబ్బ తగుల్తాది. నిన్ను భద్రంగా చూసుకోవాల గదా నేను!"

శ్యామలమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏమంటాండాడు గుల్జార్? చాప తేవాల్నా?"

"వద్దులేమ్మా. రేపటి దాకా ఏం కాదు."

శ్యామలమ్మ ఆ మాట నమ్మి వెళ్లిపోయింది. ఎందుకు నమ్మదు?

కరణం వెదురు బద్దను పట్టుకుని లేవబోయాడు. గుల్జార్‌బీ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి దుప్పటి కింద పెట్టింది. నాలుగున్నరకు మెత్తటి పరుపు మీద, ఏ దెబ్బా తగలకుండా పోయాడు. ఆమె కసి తీరింది. తీరలేదని అబద్ధమాడటం దేనికి, తీరింది. కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, శ్యామలమ్మను పిలిచి ఈసారి తన అంచనా తప్పిందని చెప్పింది.

శవాన్ని తీసుకుపోయాక పరుపు దులపబోతే తలగడ కింద ఏదో గరగరలాడింది. చిరిగిన పంచె పీలికలో చుట్టిన దర్భలు. నేల మీద పరిపించుకోవాలని ఇంటినుంచి తెచ్చుకున్నట్టున్నాడు, పీలిక ముడి ఇంకా విప్పనే లేదు.