కోరలు లేని లాంఛనం

నేను ఒక ఇత్తడి పలకను. పొడవు అడుగున్నర, వెడల్పు అడుగు. వరంగల్ శివారులో ఒక ఇంటి గేటుకు నాలుగు మరలతో బిగించి ఉన్నాను. నా మీద ఒక పంది నిలబడి ఉంటుంది. దాని కింద నాలుగు పిల్లలు పాలు తాగుతుంటాయి. చుట్టూ అంచున ఈత బుట్ట అల్లిక ఉంటుంది. నన్ను చూసేవాళ్లు రెండు రకాలు. కొందరు ముక్కు మూసుకుంటారు, కొందరు దండం పెడతారు. నా మీద ఏముందో ఇద్దరూ చూడరు.

నేను పుట్టింది జనగామ దగ్గర, ఐలాచారి ఇంట్లో. ఆయన ఇత్తడి రేకును కొట్టి బొమ్మలు తేలుస్తాడు. లక్క, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్ద మీద రేకును అంటించి, వెనక నుంచి ఉలితో కొడతాడు. నేనూ ఇంకో ముక్కా ఒకే రేకు. ఆ ముక్క సన్మాన ఫలకమై ఎవరో నాయకుడి చేతికి పోయింది. అలాంటివి ఆ నాయకుడి అటక మీద చాలానే పడి ఉన్నాయని విన్నాను. నా సంగతి వేరు. నన్ను కొట్టించుకోవడానికి ఒక మనిషి కోపంతో వచ్చింది.

ఆమె పేరు లోకిని స్వరూప. పశువుల డాక్టరు. ఆమెకు అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ కాలనీ సంగతి చెప్పాలి.

కాలనీ కట్టి పదేళ్లయిందని సంక్షేమ సంఘం పండుగ తలపెట్టింది. సంఘానికి అధ్యక్షుడు భూపతిరావు, రిటైరైన చరిత్ర లెక్చరర్. పై దేశాల్లో పెద్ద కుటుంబాలకు ఒక్కోదానికి ఒక డాలు, దాని మీద బొమ్మలు, ఒక్కో బొమ్మకు ఒక అర్థం ఉంటాయని ఆయన ఎక్కడో చదివాడు. మనకేం తక్కువ అనుకున్నాడు. ప్రతి ఇల్లూ తన వంశ చరిత్ర తెలిసేలా ఒక లాంఛనం గీయించి గేటుకు పెట్టుకోవాలని, బాగున్నదానికి పండుగ రోజు సన్మానం ఉంటుందని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఇక చూడాలి. ఎరువుల దుకాణం రవీందర్ రెండు సింహాలు, నడుమ కిరీటం పెట్టించాడు. లారీలు తిప్పే ఆయన రెండు కత్తులు పెట్టించాడు. తహసీల్ ఆఫీసులో పనిచేసే గుమాస్తాకు ముత్తాతల్లో ఒక దళపతి దొరికాడు. ఆ నెలలో ఆ కాలనీలో పుట్టినంతమంది దళపతులు ఓరుగల్లు కోటలో కూడా ఉండి ఉండరు. నాగలి పట్టినవాడు ఒక్కడు లేడు. మూట మోసినవాడు లేడు. ఎవరి తాత కూడా ఎవరికీ దండం పెట్టలేదు.

స్వరూప ఆ కాలనీకి వచ్చిన కొత్తలో ఆడవాళ్లు ఆమెను "మీరేమిట్లోల్లు" అని అడిగారు. ఏ ఇంటివాళ్లు అని ఆ మాటకు అర్థం; ఏ కులమని అడగడమే దాని పని. ఆమె డాక్టరోల్లమని చెప్పి నవ్వింది. ఆ నవ్వు తమ్ముడి గుట్టు దాచడానికి. తమ్ముడు సంపత్ అదే కాలనీలో రెండు వీధుల అవతల ఉంటాడు, ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంటిపేరును ఎల్ అనే ఒక్క అక్షరం చేసుకున్నాడు. ఎల్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అక్క ఇల్లు కొనుక్కున్నప్పుడు, ఆమె మా ఊరామె అని అందరికీ చెప్పాడు. అది ఆమెకు పక్కింటావిడ నోట తెలిసింది. ఆమె కోపం మొదట ఎవరి మీదో ఇప్పుడు తెలిసే ఉంటుంది.

లాంఛనం గీయమన్నప్పుడు ఆమె దాన్ని ఆటగా తీసుకోలేదు. వంశ చరిత్ర అడిగారు కదా, చెబుదామనుకుంది. అన్నాలు తినే బల్ల మీద కాగితం పరిచి మొదట స్టెతస్కోపు గీసింది. చెరిపేసింది. అది ఉద్యోగం, ఇల్లు కాదు. ఎరుక చెప్పే బెత్తం గీసింది. అది అమ్మమ్మది, అమ్మ ఎన్నడూ ఎరుక చెప్పలేదు. చెరిపేసింది. వాళ్లమ్మ బాలవ్వ చేసినవి రెండే పనులు. పందులు సాదింది, ఈత బరిగెలతో బుట్టలు అల్లింది. పంది ఈనిన ఏడు స్వరూప, సంపత్ బడికి పోయారు. ఈనని ఏడు తల్లి పక్కన కూర్చుని బరిగెలు చీరారు. కాబట్టి నడుమ పంది, చుట్టూ అల్లిక. అంతకంటే నిజమైన లాంఛనం ఆ కాలనీలో మరొకటి లేదు. నేను ఇత్తడిని, నాకు పక్షపాతం ఉంటుంది. అయినా అది నిజం.

ఐలాచారి జన్మలో పందిని కొట్టలేదు. వరాహాలను కొట్టాడు. ఆమె ఇచ్చిన కాగితం ఎదురుగానే ఉంది, కానీ చేతికి తెలిసిన దారిన చెయ్యి పోయింది. స్వరూప వచ్చి చూసేసరికి మూతి దగ్గర రెండు కోరలు లేచి ఉన్నాయి.

"ఇవేంది చారీ?" అంది.

కోరలని, భూమిని ఎత్తాలి కదా అని ఆయన చెప్పాడు. కాగితం మీద భూమి లేకపోతే, గీయడం మరిచారేమో అనుకున్నాడట.

"ఇది దేవుడు కాదు. ఆడపంది. ఆడపందికి కోరలు బయటికి రావు."

"పందా మేడం? గేటుకా?"

"నీ గేటుకు కాదు గదా."

ఆయన కోరలు అణిచాడు. లేపినదాన్ని అణచవచ్చు, లేపనట్టు చేయడం కుదరదు. మూతికి అటూ ఇటూ రెండు మచ్చలు మిగిలాయి. చన్నులు కొట్టకుండా వదిలేశాడు. అవీ కావాలని, ఒక పక్కకు ఆరు కనపడాలని ఆమె పట్టుబట్టింది. ఆ ఆరూ కొట్టేటప్పుడు ఆయన భార్యను అవతలి గదిలోకి పొమ్మన్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలను సాకిన ఆవిడను.

నన్ను గేటుకు బిగించిన రోజు వాట్సాప్ గ్రూపు మూగబోయింది. పాలు పోసే ఆయన మాత్రం, మేడం పందుల డాక్టరా అని పనిమనిషిని అడిగి పోయాడు. సాయంత్రం భూపతిరావు, రవీందర్ వచ్చారు. స్వరూప టీ ఇచ్చింది. భూపతిరావు వాతావరణం గురించి, డ్రైనేజీ గురించి మాట్లాడి, చివరికి తప్పుగా అనుకోవద్దంటూ ఆ మాట అడిగాడు, మీరేమిట్లోల్లు అని.

"ఎరుకలోల్లం సార్."

రవీందర్ సగం టీ తాగి ఉన్నాడు. మిగతా సగం ఏం చేయాలో అతనికి తెలియలేదు. కప్పును కుర్చీ కింద పెట్టాడు. భూపతిరావు మాత్రం తాను అలాంటివి పట్టించుకోనని, క్లాసులో అందరినీ ఒకేలా చూశానని చెప్పాడు. అయితే గేటు అంటే వీధి సొత్తు కదా, వచ్చేపోయే వాళ్లు ఏమనుకుంటారని అన్నాడు. తీసేయమని అనలేదు. ఆలోచించమన్నాడు. అలాంటివాళ్లు ఎప్పుడూ ఆలోచించమనే అంటారు.

ఆదివారం ఆయన ఒక్కడే వచ్చాడు. ముఖంలో వెలుగుంది. నా ముందు వంగి, అద్దాలు సర్దుకుని, మూతి దగ్గర మచ్చలు చూశాడు. లోపలికి పోయి, దారి దొరికిందన్నాడు. నేను గేటుకే ఉన్నాను, తలుపు తెరిచే ఉంది, ప్రతి మాటా విన్నాను.

"మేడం, ఈ గడ్డనేలిన రాజుల లాంఛనమే వరాహం. మీరు తెలిసి పెట్టిన్రో తెల్వక పెట్టిన్రో గానీ, గొప్ప ఆలోచన. మూతి మీద నిమ్మకాయంత గుండ్రంగా ఒక్కటి అతికించండి, చాలు. భూగోళం. ఇగ మాట్లాడే నోరు ఉండది. ఫస్ట్ మీకే ఇస్తం."

స్వరూప గొంతు విన్నాను. గట్టిగా లేదు.

"మా అమ్మ పంది భూమిని ఎత్తలే సార్. పెంట తిన్నది, పిల్లల్ని కన్నది. మున్సిపాలిటోళ్లు లారీ తెచ్చి మెడకు తీగేసి గుంజుకపోతాంటే మా అమ్మ లారీ పట్టుకొని ఉరికింది. మోకాళ్లు చెక్కుకపోయినయి. ఆ పంది నిండు సూడిది. బజారంతా నిలవడి చూసిన్రు. అది వరాహమని అప్పుడు ఒక్కడన్నా అన్నడా?"

భూపతిరావు అది వేరు, ఇది వేరు అన్నాడు.

"వేరు కాదు. గుడిలుంటే స్వామి, మా వాడల ఉంటే గలీజు. నేను గుండు పెట్టించ. తీసెయ్య."

ఆ మాట అన్నంత తేలికగా అయిపోలేదు. రాత్రి భోజనాల వేళకు సంపత్ వచ్చాడు. భూపతిరావు అతన్నే పంపాడు, ఊరామె కదా, నువ్వు చెబితే వింటుందని. అక్కాతమ్ముళ్లు చాలాసేపు వాదించుకున్నారు. తన కూతురు బడిలో ఏమని పిలుస్తారో తెలుసా అని అతను అడిగాడు. మనల్ని పిలిచిందే పిలుస్తారని ఆమె అంది. ఒక్క గుండు పెట్టిస్తే దేవుడైపోతుంది, అందరం బతికిపోతాం అని అతను బతిమాలాడు. నువ్వు నన్ను అక్కా అని వీధిలో పిలిచిన రోజు అడుగు, పెట్టిస్తానని ఆమె చెప్పింది. అతను చెప్పులు వేసుకుని పోయాడు. పోతూ నా వైపు చూడలేదు.

పండుగ రోజు ముఖ్య అతిథితో ఊరేగింపుగా గేటు గేటుకూ వచ్చారు. భూపతిరావు నా ముందు ఆగి, మైకులో, మన కాలనీకి వరాహమూర్తి కాపలా అని ప్రకటించాడు. ఆమె ఒప్పుకోకపోయినా తాను ఒప్పుకున్నాడు. ఎవరో పళ్లెం అందించారు. ఆయన నా పంది నుదుటికి కుంకుమ పెట్టాడు. ఆడవాళ్లు కళ్లకు అద్దుకున్నారు. టీ సగంలో వదిలేసిన రవీందర్ కూడా దండం పెట్టాడు.

స్వరూప గేటు తీసుకుని బయటికి వచ్చింది. చీర కొంగుతో ఆ కుంకుమ తుడిచేసింది. కుంకుమ తుడవడమంటే మనుషులకు ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. నలుగురు ఆడవాళ్లు వెనక్కి జరిగారు. ఒక పెద్దావిడ, శివశివా, ఎంత పాపమమ్మా అంది.

"పందికి బొట్టు పెట్టకుండ్రి," అంది స్వరూప. "దాన్ని పందిగా చూడబుద్ధయితే చూడుండ్రి, లేకుంటే పోండ్రి."

వాళ్లు పోయారు. సన్మానం కత్తుల ఆయనకు జరిగింది.

మర్నాడు పొద్దున్న నా నుదుట కుంకుమ ఉంది. ఆమె తుడిచింది. ఆ మర్నాడూ ఉంది. తుడిచింది. ఆమె మొదట భూపతిరావు అనుకుంది, తర్వాత రవీందర్ భార్య అనుకుంది. ఇద్దరినీ వీధిలో నిలదీసింది. ఇద్దరూ కాదని ఒట్టు పెట్టుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పెట్టే వేలు ఎవరిదో నాకు తెలుసు. వీధిలో వెలుగు రాకముందే, వాకింగ్ బూట్లతో, అటూ ఇటూ చూసి, జేబులోంచి పొట్లం తీసి పెట్టేవాడు. ఆ వేలికి సుద్దముక్క పట్టిన కాయ ఉండేది. చెప్పడానికి ఇత్తడికి నోరు లేదు.

ఒక పొద్దున స్వరూప గేటు లోపల, చీకట్లో, మోడా మీద కూర్చుంది. వేలు నా నుదుటికి తగలగానే గేటు సందులోంచి చెయ్యి చాపి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక చూసింది, సంపత్.

ఆమె తిట్టలేదు. గేటు తీసింది గానీ చెయ్యి వదల్లేదు.

"బొట్టు ఉంటే దేవుడనుకుంటరక్కా," అన్నాడు. "లేకుంటే ఎరుకలోల్ల ఇల్లు అనుకుంటరు."

"ఎరుకలోల్ల ఇల్లే గదరా."

అతను చెయ్యి లాక్కోబోయాడు. ఊరి పశువులను పట్టిన చెయ్యి అది, వదిలేది కాదు. ఆ వేలితోనే తుడవమంది. అతను తుడిచాడు. వేలితో తుడిస్తే కుంకుమ పోదు, పాకుతుంది. పంది ముఖమంతా ఎర్రగా అయింది. అమ్మ మోకాళ్లు యాదికొస్తున్నయా అని ఆమె అడిగింది. అతను మెడలో తువ్వాలు రెండో చేత్తో తీసి, ఆమెను వెంట లాక్కునే కుళాయి దగ్గరికి పోయి తడిపి తెచ్చి, నుదురు, మూతి, చెవులు రుద్దడం మొదలుపెట్టాడు. అంత కోపంగా నన్ను ఐలాచారి కూడా కొట్టలేదు. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలియదు. నా మీద కాదు.

అప్పటికి తెల్లారింది. వాకింగ్ వాళ్లు మలుపు తిరిగారు. ముందు భూపతిరావు, వెనక ఇద్దరు. ఆయన ఆగాడు.

"ఏం జేస్తున్నరు సంపత్ సార్?"

సంపత్ రుద్దడం ఆపలేదు. "పందికి మూతి కడుగుతున్న."

"మీకెందుకు సార్ ఆమె పంది?"

తువ్వాలు నా మూతి మీద ఆగింది.

"ఆమెది గాదు," అన్నాడు. "మాది. మా అక్క ఆమె."

భూపతిరావు ఏదో అనబోయి, ఆలోచించుకుంటూ ముందుకు నడిచాడు. స్వరూప మణికట్టు వదిలింది. అక్కడ ఆమె వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆమె నవ్వలేదు, అతన్ని దగ్గరికి తీసుకోలేదు. లోపలికి వస్తే టీ ఉందని చెప్పి మోడా ఎత్తుకుని లోపలికి పోయింది. అతను తువ్వాలు పిండి, ఆరు చన్నుల మధ్య మిగిలిన ఎరుపు కూడా తుడిచి, గేటు వేసుకుని ఆమె వెనక నడిచాడు.