రోజూ చేసినట్టే

రవికిరణ్‌కి పాఠం చెప్పడం బాగా వచ్చు. నానక్‌రామ్‌గూడ టవర్లలో ఒకదాని తొమ్మిదో అంతస్తులో, కొత్తగా చేరినవాళ్లకి పన్నెండు వారాలు ప్రోగ్రామింగు నేర్పి ప్రాజెక్టులకి పంపడం అతని ఉద్యోగం. ఈసారి బ్యాచిలో ఇరవై ఎనిమిది మంది. మొదటి వారంలోనే వాళ్లకో సులువు చెప్పాడు. ప్రోగ్రాము మామూలుగా కీబోర్డు మీద కొట్టింది తీసుకుని జవాబు తెర మీద చూపిస్తుంది. సరిచూసుకున్న ప్రతిసారీ వంద అంకెలు కొట్టుకుంటూ కూర్చోలేరు కదా. అందుకని ప్రోగ్రాము మొదట రెండు లైన్లు రాస్తే కీబోర్డు బదులు ఒక ఫైలు, తెర బదులు ఇంకో ఫైలు తెరుచుకుంటాయి. అంకెలు ఒకదాంట్లోంచి చదువుకుని, జవాబులు రెండోదాంట్లో రాసిపెడుతుంది.

"కళ్లు మూసుకుని రాసేంత అలవాటు కావాలి," అన్నాడు. అలవాటయింది.

ఆఖరి పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం ట్రైనింగ్ హెడ్ రామ్మోహనరావు అతన్ని పిలిచాడు. ఆయనది భీమవరం వైపు. క్యాంటీన్‌లో ప్లేట్లు తీసేవాళ్లనైనా సరే "అండి" అనకుండా పలకరించడు.

"ఒక ప్రాజెక్టు పోయిందండి. ఈ బ్యాచిలో తొమ్మిది మందిని తగ్గించుకోవాలి."

"అందరూ బాగానే చేస్తున్నారండి. పాసైపోతారు."

"పాసైనవాళ్లని ఇంటికి పంపించలేం కదండీ."

రవికిరణ్ మాట మార్చాడు. "రేపు పొద్దున్న వాళ్లకో సంగతి గుర్తు చేయాలండి. పేపర్లు దిద్దేది మిషను. దాని దగ్గర మన ఫైళ్లుండవు. ఆ రెండు లైన్లూ తీసేయకపోతే ప్రోగ్రాముకి చదవడానికేమీ దొరకదు, మిషనుకి జవాబు కనబడదు. ఎంత బాగా రాసినా సున్నాయే."

రామ్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సంగతి రూల్సులో ఉందాండీ?"

"నాలుగో పేజీలో ఉందండి."

"మరి మీరు వేరే చెప్పడం ఎందుకండీ?" కళ్లజోడు పెట్టుకుని, మెల్లగా అన్నాడు. "ట్రైనర్లలో కూడా ఒకరిని తగ్గించమన్నారు. ఎవరన్నది నేనింకా రాసివ్వలేదు."

ఆ సాయంత్రం రవికిరణ్ మణికొండలో ఇంటికెళ్లి కూతురితో క్యారమ్స్ ఆడాడు. రెండాటలు గెలిచాడు కూడా.

పొద్దున పదింటికి పరీక్ష. రెండో వరసలో కూర్చున్న యశస్విని చెయ్యెత్తింది. ఆమెది పుప్పాలగూడ. తండ్రి రామన్న ఈ చుట్టుపక్కల టవర్లకి సెంట్రింగు చెక్కలు కొట్టినవాడు. బ్యాచిలో అందరికంటే చురుకైనది ఆమే. క్లాసులో నిద్రపోయే లోహిత్‌ని రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన పాఠమే మళ్లీ చెప్పేది.

"సార్, ఆ ఫైళ్లు తెరిచే లైన్లు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

అందరూ తలలెత్తారు. రూల్స్ చదువుకోమంటే సరిపోయేది. కానీ ఈ అమ్మాయి చదువుతుంది. చదివి ఊరుకోదు, అందరికీ వినబడేలా చెబుతుంది. ఆ సంగతి రవికిరణ్‌కి బాగా తెలుసు.

"రోజూ చేసినట్టే చేయండి," అన్నాడు.

"సరే సార్," అని ఆమె కీబోర్డు మీదకి వంగింది. వెనక వరసలో ఒకరిద్దరు తీసేసిన లైన్లు మళ్లీ రాసుకున్నారు.

రెండున్నరకి ఫలితాలు వచ్చాయి. పదకొండు మందికి సున్నా. రవికిరణ్ ఏం చెబితే అది రాసుకున్నవాళ్లే ఆ పదకొండు మందీ. మిగతావాళ్లు రూల్సు చూసుకునో, మరిచిపోయో ఆ లైన్లు లేకుండా పంపారు. లోహిత్ గట్టెక్కాడు. వాడికి ఆ రెండు లైన్లు ఎన్నడూ తలకెక్కలేదు, పన్నెండు వారాలూ అంకెలు చేత్తో కొట్టుకుంటూనే వచ్చాడు.

యశస్విని రవికిరణ్‌ని తన కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లింది. జవాబుల ఫైలు తెరిచి ఉంది. ఒక్క తప్పు లేదు.

"చూడుర్రి సార్. అన్నీ కరెక్టే ఉన్నయి. ఆ రెండు లైన్లు తీసి ఒక్కపారి నడిపియ్యుర్రి."

"మిషను ఇచ్చిందే ఫైనలమ్మా."

"మీరే చెప్పిండ్రు గద సార్, రోజూ చేసినట్టే చెయ్యమని."

రవికిరణ్ చుట్టూ చూశాడు. లోహిత్ దగ్గర అతని చూపు ఆగింది. "నేనేమన్నాను లోహిత్?"

లోహిత్ కుర్చీలోంచి సగం లేచాడు. అతను యశస్విని వైపు చూడలేదు. "రూల్స్ చదువుకోమన్నారు సార్."

ఇంకెవరూ నోరు విప్పలేదు. పాసైనవాళ్లు పాసైనందుకు, తప్పినవాళ్లు ఇంకా ఏదో ఆశ ఉన్నందుకు.

"గిట్ల ఎట్లంటవ్‌రా?" అంది యశస్విని. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టు. లోహిత్ కూర్చున్నాడు. ఆమె మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్లమీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి రవికిరణ్ మళ్లీ రామ్మోహనరావు గదిలోకి వెళ్లాడు. "తొమ్మిది అన్నారు, పదకొండయ్యారండి. ఇద్దరిని ఉంచుకోవచ్చు. ఆ యశస్విని చాలా మంచి పనిమంతురాలు."

"నిజమేనండి. కానీ ఆవిడని ఉంచితే ఎందుకుంచామో మిగతా పదిమందికీ చెప్పుకోవాలి. మీరు చెబుతారా?"

రవికిరణ్ వెళ్లడానికి వెనక్కి తిరిగాడు.

"ఇద్దరు ఎక్కువైతే ఏం పోయిందిలెండి. వాళ్ల కంప్యూటర్లలో ఫైళ్లు తీసేసి ఖాళీ చేయించండి. సోమవారం కొత్త బ్యాచి వస్తోంది, మీరే తీసుకోండి."

గది ఖాళీ అయింది. రవికిరణ్ యశస్విని కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు గానీ, ఆ రెండు లైన్లూ తీసేసి ఆమె ప్రోగ్రామును మిషనుకి ఇచ్చాడు. రెండు నిమిషాల్లో మార్కులొచ్చాయి. నూటికి నూరు. ఇరవై ఎనిమిది మందిలో ఎవరికీ అన్ని రాలేదు.

కాసేపు ఆ అంకె వైపు చూశాడు. ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె పేరున్న ఫోల్డరు మొత్తం చెరిపేశాడు.

ఇంకా పది కంప్యూటర్లున్నాయి. లేచి, పక్క కుర్చీలోకి మారాడు.